ఆ పదమూడు కణాలు

శుక్రవారం పదకొండు గంటలకి ఆ అమ్మాయి నా నాలుగేళ్ళ కష్టాన్ని ఒక్క ముక్కలో మట్టిపాలు చేసింది.

"నేను పెట్టిన లెక్కలు నమ్మొద్దని ప్రొఫెసర్ గారికి చెప్పేశాను."

కమిటీ సమావేశం సాయంత్రం నాలుగింటికి. నా ల్యాప్‌టాప్ తెర మీద 'వందకి డెబ్బై ఒకటి' అన్న అంకె పెద్దక్షరాలతో మెరిసిపోతోంది. వందకి యాభై దాటకపోతే మా మందు మీద పని ఆపేస్తారు, నన్నూ ఇంటికి పంపేస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నెత్తికెక్కింది.

"మీకు నా మీద ఏమైనా పగ ఉందా? ఉంటే ఐదు గంటల తర్వాత తీర్చుకోవచ్చుగా?"

ఆవిడ మైక్రోస్కోప్ గది చూసుకుంటుంది. పగలంతా లైట్లార్పుకొని కూర్చుంటుంది కాబట్టి మా ల్యాబ్‌లో అందరూ ఆవిణ్ణే 'చీకటి గది' అంటారు. నన్ను 'హడావుడి' అంటారట. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు.

మా పనేమిటో చెప్తాను. క్యాన్సర్ కణం చావనని మొండికేస్తుంది. మామూలు కణం పాడైతే దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకి చిల్లులు పడతాయి, లోపలి ప్రోటీన్ బయటికి కారుతుంది, అంతటితో కణం తనంతట తానే ముగిసిపోతుంది. క్యాన్సర్ కణంలో ఆ చిల్లులు పడకుండా కాపలా ప్రోటీన్లు అడ్డం కూర్చుంటాయి. వాటిని పక్కకి నెట్టడమే మా మందు పని. నెట్టిందో లేదో రంగు చెప్తుంది. మేం వేసే రంగు, బతికున్న మైటోకాండ్రియాలో ఎర్రగా వెలుగుతుంది. అది చచ్చుబడితే ఆకుపచ్చగా మారిపోతుంది. మందు వేసినచోట వందకి ఎన్ని కణాలు పచ్చబడ్డాయన్నదే కమిటీకి కావలసిన అంకె.

కణాలు పెంచే ఏ డిష్‌లో మందు ఉందో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. అందుకని నేను డిష్‌ల మీద నంబర్లు మాత్రమే అంటించి, ఏ నంబరు దేనిదో రాసిన జాబితా కవరులో పెట్టి సీలు వేసి ప్రొఫెసర్ గారికిస్తాను. చీకటి గదిలో ఈవిడ ఫొటోలు తీసి, ఆ డిష్ చూస్తూనే ఎరుపెన్నో పచ్చెన్నో రాస్తుంది.

"ఏది మందుదో నాకు తెలిసిపోతోంది" అంది తల దించుకొని. "మూతల చుట్టూ మీరు టేపు చుడతారు కదా. మందు వేసిన డిష్‌కి రెండు చుట్లు. వెయ్యనిదానికి ఒకటి."

డిష్‌లని వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటర్ తలుపు లాగి చూశాను. ఆరు డిష్‌లు. మూడింటికి రెండు చుట్లు, మూడింటికి ఒకటి. మందు ఎక్కడ ఒలికిపోతుందోనన్న భయంతో నా చేతులే ఆ పని చేశాయి. నాకే తెలియదు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మూడు నెలలు."

"మూడు నెలలు నోరు మూసుకొని ఇవాళ చెప్తారా!"

"ఇవాళ కమిటీ ఒప్పుకుంటే ఈ మందు ఎప్పటికో మనుషుల దాకా వెళ్తుంది" అంది. "అబద్ధం అంకె మీద వెళ్ళకూడదు."

ఆ మాట నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇంతలో అమ్మ ఫోను. తిన్నావా అని అడగడం మా అమ్మకి చేతకాదు. "కణాలు చచ్చాయా?" అంది.

"నేనే చచ్చేలా ఉన్నానమ్మా" అని పెట్టేశాను.

ప్రొఫెసర్ గారు అరవలేదు. అరిస్తే బావుండేది. ఆవిడ తీసిన ఫొటోల్లో డిష్ గానీ టేపు గానీ కనిపించనివి పన్నెండు ఏరి, వాటి పేర్లు చెరిపి కొత్త నంబర్లు వేసి, కలిపేసి, కింది అంతస్తులో రక్తపరీక్షలు చేసే అక్కయ్యని పిలిపించారు. ముప్ఫై ఏళ్ళుగా కణాలు లెక్కపెడుతున్న మనిషి.

"నాకు ఈ అబ్బాయెవరో కూడా తెలీదు" అంది అక్కయ్య నన్ను ఎగాదిగా చూసి.

"అందుకే మిమ్మల్ని పిలిచాను" అన్నారు ప్రొఫెసర్ గారు.

అక్కయ్యకి, ఎరుపుకి ఎడం చేతిలో నొక్కితే లెక్క పెరిగే క్లిక్కర్, పచ్చకి కుడి చేతిలో క్లిక్కర్. తలుపు మూశారు. బయట వరండాలో నేనూ చీకటి గదీ. కిటికీ అవతల వాన దంచికొడుతోంది. లోపలి నుంచి టిక్, టిక్, టిక్. ఏ చేతి టిక్కో తెలియక నా ప్రాణం కొట్టుకుంటోంది.

"చుట్లు చూస్తే మాత్రం ఏమైంది?" అన్నాను ఉండబట్టలేక. "పచ్చగా ఉన్నది పచ్చే కదా?"

"అన్నీ అలా ఉండవు. ఎరుపూ పచ్చా కాకుండా మధ్యలో కొన్ని ఉంటాయి. వాటిని రెండు చుట్ల డిష్‌లో చూస్తే పచ్చ అని వేశాను."

"ఒక చుట్టు డిష్‌లో చూస్తే?"

"ఎరుపని."

"ఎందుకు?"

జల్లు కొడుతోందంటూ ఆవిడ కిటికీ మూయడానికి వెళ్ళింది. నేను వాన చూస్తూ నిలబడ్డాను, చేసేదేముంది.

రెండున్నరకి తలుపు తెరుచుకుంది. అక్కయ్య కళ్ళు నులుముకుంటూ కాగితం ఇచ్చింది. ప్రొఫెసర్ గారు కవరులోంచి జాబితా తీసి, నంబర్లు సరిచూసి, రెండుసార్లు భాగహారం చేశారు. మూడోసారి చెయ్యబోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

"వందకి యాభై ఎనిమిది" అన్నారు.

గట్టెక్కాను! అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. మొదటి అంకెకీ దీనికీ తేడా పదమూడు.

"సంతోషించకు. పాత అంకె అందరికీ పంపేశావు. ఎందుకు తగ్గిందో కమిటీ అడుగుతుంది. నిజం చెప్పు" అన్నారు ప్రొఫెసర్ గారు.

నాలుగింటికి అడిగారు. కమిటీ పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకొని మరీ అడిగారు. టేపు సంగతి చెప్పాను. తప్పు నాదే అన్నాను.

"అది సరే. ఏ డిష్ ఏదో తెలిస్తే అంకె అటో ఇటో తప్పాలి. ప్రతిసారీ నీకు అనుకూలంగానే ఎందుకు తప్పింది? నువ్వేమైనా చెప్పి చేయించావా?"

కాదంటే ఎవరు నమ్ముతారు? అంతా ఊడ్చిపెట్టుకుపోతుందని అర్థమైంది.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. చీకటి గది లేచి నిలబడింది.

"ఆయన ఏమీ చెప్పలేదు సర్. అనుమానం వచ్చిన ప్రతి కణాన్నీ ఆయన వైపు వేసింది నేను."

"ఎందుకమ్మా?"

"పచ్చవి ఎక్కువైన రోజు ఆయన నవ్వుతూ వెళ్తారు సర్" అంది. "చుట్ల సంగతి చెప్తే డిష్‌లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారని భయపడి మూడు నెలలు దాచాను. అది నా తప్పు."

పెద్దాయన దగ్గారు. ప్రొఫెసర్ గారు బల్ల మీది కాగితాలు అవసరం లేకపోయినా సర్దారు. ఎనిమిది నెలలు ఆ చీకట్లో పక్కనే కూర్చొని తెర మీది కణాల రంగు చూశాను గానీ, పక్కనున్న మనిషి మొహం ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆ మొహం చూసి ప్రేమించకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"యాభై ఎనిమిది చాలు" అన్నారు పెద్దాయన చివరికి. "పని సాగనివ్వండి. ఇక మీదట లెక్క కింది అంతస్తులోనే."

బయటికొచ్చేసరికి ఆవిడ వరండా చివర నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది.

"ఇక నా డిష్‌లు మీ గదికి రావు" అన్నాను.

"విన్నాను."

"అక్కడ నాకు పనేమీ లేదు."

"తెలుసండీ. మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు."

"పనేమీ లేకుండా సోమవారం రావచ్చా?"

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. ఈసారి ఎటువైపు వెయ్యాలో అనుమానమేమీ ఉన్నట్టు లేదు.

"సోమవారం దాకా ఎందుకు?" అంది.