బుల్లి బండికి ఎనభై మూడు మార్కులు

ఉదయం ఏడుంబావు కాగానే ఆ ఇంటి పక్కసందులోంచి హారన్ మోగుతుంది. ఒక్కసారే, మర్యాదగా. ఆ వెంటనే కోడలు, పెద్దకొడుకు భార్య, చేతిలో ఉన్న పని ఉన్నచోటే వదిలి, తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వస్తుంది.

ఇంటి పక్కన కార్లు నిలిపే స్థలం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవలసిందే. అన్నిటికన్నా లోపల పెద్దకొడుకు నిరుడు కొన్న ఎత్తు బండి, మధ్యలో చిన్నకొడుకు బ్యాటరీ బండి, గేటు దగ్గర పదిహేనేళ్ల నాటి బుల్లి బండి. గేటు దగ్గర ఇంకేది పెట్టినా దాని తోక రోడ్డు మీదికి వస్తుంది గనుక ఆ చోటు బుల్లి బండిదేనని ఎప్పుడో ఖాయమైపోయింది. కాబట్టి ఎవరు బయటికి వెళ్లాలన్నా ముందు కోడలు వచ్చి బుల్లి బండిని తీయాలి. వాళ్లు వెళ్లాక మళ్లీ లోపల పెట్టాలి.

ఆ సోమవారం బుల్లి బండి మూడుసార్లు దగ్గి గానీ కదలలేదు. లోపలి నుంచి పెద్దకొడుకు తల బయటికి పెట్టి, ఈ డబ్బాని ఇంకెన్నాళ్లు భరించాలని అడిగాడు. మెకానిక్కు దగ్గర కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ఆదివారంలోగా మాట చెప్పాలి, వెనక అద్దం చేత్తో తిప్పితే గానీ దిగదు, వంతెన ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం మొండితనం తప్ప మరేమీ కాదన్నాడు. బ్యాటరీ బండిలో కూర్చున్న చిన్నకొడుకు ఊరుకోలేదు. అమ్మవలసినది అన్నయ్య ఎత్తు బండేననీ, అది ఈ ఊరి సందుల్లో తిరిగే బండి కాదు, అడ్డం పడే బండి అనీ అన్నాడు. బుల్లి బండిని ఒకప్పుడు ముచ్చటపడి కొన్న తాతగారు కిటికీలోంచి, అది తననెప్పుడూ నడిరోడ్డు మీద వదల్లేదని తన వంతు చెప్పారు.

వరండాలో కాఫీ చల్లారిపోతుండగా అత్తగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి, ఎవరి రబ్బరు ఎవరు తీశారన్న తగాదా నుంచి ఎవరి పేపరు ఎవరు చూసి రాశారన్న తగాదా దాకా తీర్చి, పింఛనుతో ఇంటికి వచ్చిన మనిషి ఆమె. కొడుకులు చాటున ఆమెను హైకోర్టు అంటారు. ఆమెకు ఆ సంగతి తెలుసు, కోపమూ లేదు. ఈ బండి తగాదా మాత్రం రెండు వారాలుగా ఆమె చెవులు తినేస్తోంది. ఎదిగిన మగవాళ్లు పొద్దున్నే బండ్లలో కూర్చుని, నాది గొప్పంటే నాది గొప్పని వాదించుకోవడం కన్నా విసుగు పుట్టించేది లోకంలో ఉంటుందని ఆమె అనుకోలేదు.

బండ్లు రెండూ వెళ్లాక కోడలు బుల్లి బండిని లోపల పెట్టి వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడింది. కోడలు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పది నుంచి రెండు దాకా, సగం పూట ఉద్యోగం.

“అత్తయ్యా, ల్యాబ్‌లో ఆ ఇన్‌ఛార్జి ఉద్యోగం సంగతి. శనివారంలోగా చెప్పమంటున్నారు. ఎనిమిది నుంచి అయిదు దాకా ఉండాలట.”

“ముందు ఈ బండి గొడవ తేలనీ అమ్మాయ్. రెండు తగాదాలు ఒకేసారి విచారించడం నావల్ల కాదు.”

కోడలు ఏదో అనబోయి, అలాగే అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అత్తగారు పరీక్ష ప్రకటించారు. నోటికొచ్చినట్టు వాదించుకునే హక్కు ఇక ఎవరికీ లేదు. బుల్లి బండి మధ్యాహ్నం పూట ఏ పనులు చేస్తోందో ఆ పనులే మూడు బండ్లూ ఒక్కో రోజు చేయాలి. మోకాలి ఆపరేషన్ అయిన తాతగారిని మూడు గంటలకు వ్యాయామాల క్లినిక్కుకు తీసుకెళ్లాలి, మందుల దుకాణంలో మందులు తేవాలి, మనవరాలిని బడి నుంచి తేవాలి. ఎవరి బండి వాళ్లే నడపాలి. తాను పక్కన కూర్చుని మార్కులు వేస్తారు. బుధవారం ఎత్తు బండి, గురువారం బ్యాటరీ బండి, శుక్రవారం బుల్లి బండి. వందకి ఎవరికి ఎక్కువ వస్తే వారి మాట చెల్లుతుంది. కొడుకులిద్దరూ సగం రోజు సెలవు పెట్టుకోవలసి వచ్చింది. గొణిగారు గానీ కాదనలేదు.

బుధవారం ఎత్తు బండి దర్జాగా వచ్చి నిలబడింది. సీట్లు మెత్తగా ఉన్నాయి, చల్లదనం హాయిగా ఉంది, బయటి చప్పుడు ఒక్కటీ వినిపించలేదు. అయితే తాతగారు అందులోకి ఎక్కడమే పెద్ద యుద్ధమైంది. పెద్దకొడుకు స్టీరింగ్ దగ్గర కూర్చునే, పైన పట్టీ ఉంది నాన్నా, పట్టుకుని ఎక్కెయ్ అన్నాడు. ఆయన మంచి కాలు పైకి పెట్టి, కుట్లున్న కాలు కింద వదిలేసి, అటూ ఇటూ కాకుండా వేలాడి, అమ్మో అన్నారు. క్లినిక్కు అడుగున బండ్లు పెట్టే చోట ఎత్తు సరిపోదని కాపలావాడు ఆపేశాడు. చుట్టుపక్కల మూడు చుట్లు తిరిగేసరికి తాతగారి వంతు దాటిపోయింది. బడి దగ్గర మరో సంగతి. పెద్దకొడుకు ముందు గేటు దగ్గర దర్జాగా నిలబడ్డాడు. మూడో తరగతి పిల్లల్ని వెనక గేటు నుంచి వదులుతారని అతనికి తెలియదు. అత్తగారికీ తెలియదు. పాప ఏడుపు మొహంతో చుట్టూ తిరిగి వచ్చింది. ఎత్తు బండికి నలభై ఒకటి.

గురువారం బ్యాటరీ బండి చప్పుడు లేకుండా, చేపలాగా కదిలింది. తాతగారు ఈసారి సులువుగానే ఎక్కారు గానీ, చిన్నకొడుకు ఆయన్ని క్లినిక్కు మెట్ల ముందు దించి, ఛార్జింగు పెట్టుకొస్తానని వెళ్లిపోయాడు. అక్కడ ఎనిమిది మెట్లున్నాయి. పక్కనే వాలుదారి ఉందని తెలియక అత్తగారు భర్త భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించారు. ఆమెకే ఊపిరి ఆడలేదు. గురువారాల్లో పాపకి ఈత క్లాసు ఉంటుందని, ఆ రోజు తీసుకురావలసింది బడి నుంచి కాదని ఎవరికీ గుర్తు లేదు. ఖాళీ బడి ముందు అరగంట నిలబడ్డాక కోడలికి ఫోన్ చేశారు. ఆమె ఇంటి నుంచి మెల్లగా దారి చెప్పింది. బ్యాటరీ బండికి నలభై ఆరు. చిన్నకొడుకు ఆ అయిదు మార్కుల తేడాకే అన్నయ్య వైపు చూసి కాలరెగరేశాడు.

శుక్రవారం బుల్లి బండి. లోపల వేడిగా ఉంది. వంతెన మీద రెండో గేరులో ఎక్కుతుంటే వెనక లారీవాడు హారన్ కొట్టి తిట్టుకున్నాడు. తలుపు గట్టిగా లాగితే తప్ప పడలేదు. అయినా ఆ మధ్యాహ్నం వెన్నలా గడిచిపోయింది. కోడలు ముందే సీటు వెనక్కి జరిపి ఉంచింది. తాతగారు వీపు లోపలికి పెట్టి కూర్చున్నాక, ఆమె వంగి ఆయన రెండు కాళ్లనూ ఒకదాని తరవాత ఒకటి చేతుల్లోకి తీసుకుని లోపలికి తిప్పింది. ఆయన మాట్లాడుతున్న మాట కూడా ఆగలేదు. క్లినిక్కు దగ్గర రెండు బండ్ల మధ్య జానెడు జాగాలో బుల్లి బండి ఒద్దికగా ఇమిడిపోయింది. వాలుదారి పక్కనే. మందుల దుకాణం సందులో ఒక్క తిప్పులో వెనక్కి తిరిగింది. వెనక గేటు దగ్గర పాప పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. అయిదు నిమిషాలు తక్కువ అయిదుకు ఇంట్లో ఉన్నారు.

భోజనాల బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి అత్తగారు మార్కుల కాగితం చదివారు. బుల్లి బండికి ఎనభై మూడు. పెద్దకొడుకు మొహం ముడుచుకున్నాడు. తాతగారు బల్ల మీద దరువు వేశారు. ఇక మీదట అమ్మకం మాట ఎవరూ ఎత్తకూడదనీ, పదిహేనేళ్ల బండి కొత్త బండ్లను ఓడించిందనీ, ఇది తన తీర్పనీ ఆమె ప్రకటించారు. అప్పుడు కోడలి వైపు చూశారు. ఆ మొహంలో సంతోషం వెలుగుతుందని ఆమె అనుకున్నారు.

కోడలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చెయ్యి ఆగింది.

“అమ్మెయ్యండి అత్తయ్యా.”

అత్తగారు సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగారు. కోడలు అదే మాట, అంతే నెమ్మదిగా చెప్పింది.

అత్తగారికి ఒళ్లు మండింది. మూడు రోజులు ఎండలో తిరిగి, ఎవరి పక్షమూ వహించకుండా, ఈ పిల్ల నడిపే బండికి న్యాయం చేస్తే దక్కిన ప్రతిఫలం ఇదా అనుకున్నారు. పెద్దకొడుకుకి ప్రాణం లేచివచ్చినట్టయి, చూశావా, నడిపే మనిషే వద్దంటోంది అన్నాడు. నువ్వు ఆగరా అని అత్తగారు కసిరి, వద్దనడానికి కారణం చెప్పమని కోడలిని నిలదీశారు. గెలిచిన బండిని ఎందుకు అమ్మాలి?

కోడలు లేచి వచ్చి మార్కుల కాగితం తన ముందుకు జరుపుకుంది. ఒక్కో గడి మీదా వేలు పెట్టింది.

“మామయ్యగారిని నొప్పి లేకుండా ఎక్కించడం, పదికి పది. పాప గేటు తెలియడం, పదికి పది. వేళకి చేరడం, పదికి పది. అత్తయ్యా, ఇందులో బండి చేసిన పనేది?”

కోడలు కాగితాన్ని మళ్లీ అత్తగారి ముందుకు జరిపింది.

“బండి గెలిచిందన్నారు. గేటు దగ్గర ఉన్నది బుల్లి బండి గనక దాన్నే తియ్యాలి. దాన్ని తీసేది నేను గనక నేనే వెళ్లాలి. పాప ఈత క్లాసులో చేరినప్పుడు ల్యాబ్‌వాళ్లు ఒకసారి అడిగారు. మీ కంటి ఆపరేషన్ అప్పుడు రెండోసారి అడిగారు. రెండుసార్లూ వద్దన్నాను. మూడోసారికి జవాబు రేపు చెప్పాలి. ఇక మళ్లీ అడగరు. ఆ బండి ఇంట్లో ఉన్నంతకాలం నేను ఖాళీగా ఉన్నాననే మీరంతా అనుకుంటారు. అమ్మేస్తే అప్పుడైనా, ఎవరు వెళ్లాలి అని ఎవరో ఒకరు అడుగుతారు కదా.”

కోడలు మళ్లీ వెళ్లి బట్టల ముందు కూర్చుంది.

అత్తగారు కాగితం వైపు చూశారు. తన గుండ్రటి దస్తూరి. గీతలు కొట్టి, గళ్లు గీసి, ఎంత శ్రద్ధగా వేశారో. ముప్పై ఏళ్లలో ఒక పిల్ల రాసిన జవాబుకి పక్క బల్ల మీది పిల్లకు మార్కులు వేసిన పాపం ఆమె ఒక్కసారీ చేయలేదు. ఇంట్లో మూడు రోజులు వరసగా చేశారు. సోమవారం ఈ పిల్ల కుర్చీ పక్కన నిలబడి అడిగింది ఒక్కటే ప్రశ్న. ముందు బండి సంగతి తేలనీ అన్నారు తాను. ఆ రెండూ ఒకే తగాదా అని అప్పుడు తోచలేదు.

“నాకు తెలుసు,” అన్నారు తాతగారు, ఎవరినీ చూడకుండా. “ఆ పిల్ల వంగి నా కాళ్లెత్తి పెడుతున్నప్పుడల్లా, ఇది నా కొడుకులు చేయవలసిన పని కదా అనుకుంటాను. సుఖంగా ఉంది కదా అని నోరు మూసుకున్నాను.”

అత్తగారి కళ్లజోడు మసకబారింది. దాన్ని తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. ఎదుటి వాళ్ల అన్యాయాన్ని ఏడు గోడల అవతల నుంచి పసిగట్టగలనని ఆమెకొక గర్వం. అది సొంత వరండాలో, రోజూ ఏడుంబావుకి, తన కాఫీ ముందు నుంచే నడిచి వెళ్లేదన్న మాట.

ఆమె లేచి వెళ్లి కోడలి పక్కన కూర్చున్నారు. ఒక తువ్వాలు తీసి మడత పెట్టారు, వంకరగా.

“తప్పు దిద్దాను అమ్మాయ్. పేపరు తప్పు దిద్దాను. ల్యాబ్‌వాళ్లకి వస్తానని చెప్పు.”

“మరి మామయ్యగారి క్లినిక్కు?”

“అది నీ ప్రశ్న కాదు,” అని ఆమె కొడుకుల వైపు తిరిగారు. “వీళ్లది.”

పెద్దకొడుకు చాలాసేపటి నుంచి భార్య వైపు చూస్తున్నాడు. తన కూతురు ఏ గేటులోంచి వస్తుందో తెలియని తండ్రి, బుధవారం నుంచి ఆ మాటని నవ్వుతో దాటేస్తూ వచ్చాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆఫీసులో తన వేళ మార్చమని అడుగుతానన్నాడు. చిన్నకొడుకు, గురువారాలు నావి అన్నాడు. అత్తగారు, గురువారాలు కాదు, రోజు విడిచి రోజు అని సవరించారు. కోడలు, అమ్మమన్నాను గానీ ఆ బండి అంటే తనకేం కోపం లేదంది. ఒక్క మనిషి పనికి వెళ్లి రావడానికి అది చాలా మంచి బండి అంది. చిన్నకొడుకు, ఇన్నాళ్లకి సరైన మార్కులు వేసింది వదినే అన్నాడు.

పదిరోజుల తరవాత, కొత్త వేళల మొదటి ఉదయం. వ్యాయామం వేళని కూడా ఉదయానికి మార్పించారు. పెద్దకొడుకు తండ్రిని ఎత్తు బండిలోకి ఎక్కించడం ప్రాక్టీసు చేస్తున్నాడు. ఒక చిన్న పీట వేశాడు. కోడలు భుజాన సంచీతో నిలబడి, ముందు నడుము, తరవాత కాళ్లు అని చెబుతోంది. మొదటిసారి తాతగారి చెప్పు ఎగిరి పడింది. రెండోసారి కొడుకు ఆయన కాలిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. మెల్లగా నాన్నా అన్నాడు, ఎవరికి చెప్పుకున్నాడో గానీ. మూడోసారికి ఆయన సర్దుకుని కూర్చుని, పరవాలేదురా అన్నారు.

కోడలు గడియారం చూసుకుని బుల్లి బండి ఎక్కింది. పక్క సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ. బండి రెండుసార్లు దగ్గి కదిలింది. సరిగ్గా అప్పుడే అత్తగారికి తన కంటి చుక్కల మందు అయిపోయిందన్న సంగతి గుర్తొచ్చింది.

“అమ్మాయ్, వచ్చేటప్పుడు...”

బండి ఆగింది. కోడలు అద్దం తిప్పి దించి తల బయటికి పెట్టింది. “ఏంటి అత్తయ్యా?”

అత్తగారు నోట్లోకి వచ్చిన మాటను మింగారు. దుకాణం ఎంత దూరమని, రెండు వీధులు.

“ఏం లేదు. మెల్లగా వెళ్లిరా.”

కోడలు ఒక్క క్షణం ఆమెనే చూసింది. ఆ చూపులో ఏదో అర్థమైనట్టు నవ్వి, అద్దం పైకి తిప్పుకుంది. బుల్లి బండి వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు అక్కడే నిలబడ్డారు. తరవాత లోపలికి వెళ్లి, మందు చీటీ వెతుక్కుని, చెప్పులేసుకున్నారు.