ఎత్తని వేలు

ఆ ఇంట్లో పొద్దున్నే పాలగ్లాసుల పక్కన కాగితాలు ఉండాల్సిందే. తల్లి పిల్లల కోసం కథలు రాస్తుంది. ఆ కథల్లో ఒక గడుగ్గాయి పాత గోడగడియారం తలుపు తెరుచుకుని వందల ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అక్కడి ఓడరేవుల్లో, కోటల్లో తిరిగి ఇంటికొస్తుంది. ఆ తిరుగుళ్ల సందులో ఈ కాలం పిల్లలకు తెలియని మాటలు నాలుగు వంటబట్టించాలని తల్లి పట్టుదల.

కథ మొదట వినేది కూతురే. అర్థం కాని మాట వస్తే చూపుడువేలు ఎత్తాలి, అంతే. తల్లి అర్థం చెప్పదు. గదిలోకి వెళ్లి, ఆ మాట కథలోనే తెలిసిపోయేలా తిరగరాస్తుంది. మొదటి పుస్తకంలో ‘దివిటీ’ దగ్గర వేలు లేచింది. మర్నాటికల్లా కథలో పిల్ల చీకటి సొరంగంలో దివిటీ పట్టుకుని నడుస్తూ జడ కొస కాల్చుకుంది. కూతురు పడీపడీ నవ్వింది. ఆ మాట మళ్లీ మరిచిపోలేదు.

మూడో పుస్తకానికి మాత్రం వేలు ఒక్కసారీ లేవలేదు. తల్లి చదువుకుంటూ పోయింది, కూతురు బ్రెడ్డు నములుతూ కూర్చుంది. పిల్ల ఎదిగింది, మాటలన్నీ వచ్చేశాయి అనుకుంది తల్లి. సంతోషించాలని తెలుసు గానీ సంతోషం రాలేదు. తన అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆవిడకు ఏమీ అనిపించడం లేదు. ఏడుపూ రాలేదు. పొద్దస్తమానం బల్ల ముందు కూర్చుని మూడువందల ఏళ్ల కిందట బతకడం ఒక్కటే హాయిగా ఉంది. అక్కడ కొత్తగా చచ్చిపోయేవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఉదయం ఫోను మోగింది. పుస్తకాలు వేసే సంస్థ సంపాదకురాలు.

“ఏమీ అనుకోకండి. బళ్లో పిల్లల చేత చదివించి చూశాం. మొదటి అధ్యాయం దాటినవాళ్లే లేరు. బిడారు అంటే ఏంటో, సుంకరి ఎవరో ఒక్కరికీ అంతుపట్టలేదు. ఇలా అయితే మేం వెయ్యలేమండీ.”

తల్లి ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది.

“బిడారు అంటే ఏంటే?”

పిల్ల పాలగ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“పోనీ, సుంకరి అంటే?”

“తెలీదమ్మా.”

“మరి వేలెందుకు ఎత్తలేదు?”

లిఫ్టులు బాగుచేసే తండ్రి పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంటూ, “పొద్దున్నే కోర్టు పెట్టారేంటి?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సంచీ మళ్లీ కింద పెట్టాడు.

“నిన్నే అడిగేది. ఇంత కష్టమూ నీళ్లపాలైంది. ఒక్క వేలెత్తడానికి నీకేం రోగం?” తల్లి గొంతు కొంచెం కూడా పెరగలేదు. కూతురికి దానికే ఎక్కువ భయం వేసింది.

“ఎత్తితే నువ్వు లేచి వెళ్లిపోతావ్ కదా.”

“ఎక్కడికి?”

“ఆ గదిలోకి. ఆ కాలంలోకి. ఒక్క మాట అడిగితే చాలు, మళ్లీ రెండ్రోజులు పలకవు. నీ కథలో పిల్లైతే ప్రతిసారీ ఇంటికొచ్చేస్తుంది. నువ్వే రావట్లేదు. వేలెత్తకపోతే పుస్తకం తొందరగా అయిపోతుందని...”

తల్లి భర్త వైపు చూసింది, కాదని చెప్పమన్నట్టు. ఆయన కాదనలేదు.

“వాళ్ల అమ్మమ్మ పోయాక దానికి నువ్వూ లేకుండా పోయావు,” అన్నాడు మెల్లగా. “నేనే చెప్పాల్సింది. నోరు రాలేదు.”

తల్లి కుర్చీలో కూలబడింది. ఇప్పుడైనా ఏదో అనిపించాలి అనుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే.

“నాకు ఏడుపు కూడా రావట్లేదు,” అంది. “అమ్మ పోయినప్పుడూ రాలేదు. నన్నేం చెయ్యమంటారు?”

కూతురు ముక్కు తుడుచుకుని పుస్తకాల సంచీ అందుకుంది.

“ఇవాళ లేటుగా వస్తా. రిలే ఉంది. నాది మూడో లెగ్గు.”

మాటలు వినపడ్డాయి గానీ తల్లికి అందలేదు. ఈ పిల్ల పరిగెత్తడం ఎప్పుడు మొదలుపెట్టింది? ఆ కాళ్లకున్న బూట్లు ఎవరు కొన్నారు? మూడో లెగ్గంటే ఏమిటి? ఇదే ఇంట్లో, గోడకు అవతల, తనకు ఒక్క ముక్కా తెలియని కాలం నడిచిపోయింది.

తల్లి చూపుడువేలు ఎత్తింది.

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి చెప్పబోతుంటే చేత్తో వారించింది.

“అర్థం చెప్పకూడదు నాన్నా. రూలు రూలే.” తల్లి వైపు తిరిగింది. “చూస్తే నీకే తెలుస్తుంది. సాయంత్రం బడి వెనక గ్రౌండుకి రా.”

తల్లి వేలు ఇంకా పైకే ఉంది. చెంప తడిసేదాకా తన కళ్లు కారుతున్నాయని ఆవిడకు తెలియలేదు. తుడుచుకోలేదు.

“ఎన్నింటికి?” అని అడిగింది.