కొత్త మేడం

"నా బిడ్డ నోటుబుక్కు ముట్టకుమని ఎన్నిసార్లు చెప్పాలె తిరుమలా?"

పొద్దున్నే పోపు గరిటె చేత్తో పట్టుకుని యమున అడిగిన మాట అది. తిరుమల చేసిన నేరం పెద్దదేమీ కాదు. కింద పడిన నోటుబుక్కు తీసి మేనకోడలు నవనీత బ్యాగులో పెట్టబోయింది. గోదావరిఖనిలోని ఆ బొగ్గుగని కాలనీ క్వార్టరులో అది కూడా తప్పే.

తిరుమల, యమున మొగుడు భూపాల్‌కు ఒక్కతే చెల్లెలు. బీఈడీ చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ, సర్కారు బడిలో విద్యావాలంటీరుగా లెక్కలు చెబుతోంది. వదిన దృష్టిలో ఆ బడి చదువు చదువే కాదు. యమున కూడా అలాంటి బడిలోనే పదో తరగతి తప్పింది. తప్పు బడిదేనని ఇప్పటికీ నమ్ముతుంది. అందుకే ఐదో తరగతి చదివే బిడ్డను ఇంగ్లీషు మీడియంలో వేసింది. అది చాలదని సాయంత్రాలు ఆటోలో జ్యోతినగర్‌కు, ఇంజనీర్ల పిల్లలు వెళ్ళే రాంప్రసాద్ సారు ట్యూషనుకు పంపుతోంది. ఎందుకంటే నవోదయ పరీక్షకు. నవోదయ కూడా సర్కారు బడే కదా అని ఆమె ముందు అనే దమ్ము ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"మొన్నటిదాక భిన్నాలంటే ఏడ్చేది నా పిల్ల," యమున మొగుడి టిఫిను మూత నొక్కుతూ అంది. "ఆ కొత్త మేడం వచ్చినంక సూడు, నూటికి తొంబై! సదువంటే గది. మీ చెల్లె లెక్క గంట కొడితే పోయి, గంట కొడితే వచ్చుడు కాదు."

"పొద్దుగాలనే మొదలువెట్టినవా? జల్ది ఇయ్యి, షిఫ్టుకు టైమైతున్నది," అన్నాడు భూపాల్. ఆ ఇంట్లో గొడవ వచ్చిన ప్రతిసారీ ఆయనకు టైమవుతుంది.

నవనీత పాలగ్లాసు వెనక నుంచి అత్తను చూసి నవ్వబోయింది. తిరుమల కళ్ళతోనే వద్దంది.

ఆ కొత్త మేడం తిరుమలే. బడి అయ్యాక పదో తరగతికి స్పెషల్ క్లాసులున్నాయని ఇంట్లో చెప్పి, మూడు నెలలుగా జ్యోతినగర్ వెళ్ళి లెక్కలు చెబుతోంది. సర్కారు బడి టీచరని పిల్లల తల్లిదండ్రులకు తెలియనివ్వొద్దని రాంప్రసాద్ సారే షరతు పెట్టాడు. ఆమెకూ అదే కావాలి. ఇంట్లో ముట్టుకోనివ్వని పుస్తకం అక్కడైతే తెరవొచ్చు. చంకన వేసుకుని పెంచిన పిల్లకు తన చేత్తో చదువు చెప్పాలన్నదే ఆమె ఆశ. పరీక్ష ఇంకో నెల ఉంది. ఆ నెల గడిస్తే చాలనుకుంది.

ఆ సాయంత్రమే కొంప మునిగింది.

బోర్డు మీద లెక్క వేస్తుండగా వాకిట్లో ఆడవాళ్ళ గొంతులు వినబడ్డాయి. కిటికీలోంచి చూసింది. ముందు ఇంజనీరు భార్య సుబ్బలక్ష్మి, వెనక మరో నలుగురు. వాళ్ళ మధ్యలో, పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టే పట్టుచీరలో వదిన.

"మీ కొత్త మేడం గవర్నమెంటు స్కూలు వాలంటీరట, ఇవాళే తెలిసింది. ఇంతింత ఫీజులు కట్టేది అలాంటివాళ్ళ చేత చెప్పించుకోవడానికా సారూ?" సుబ్బలక్ష్మి నిలదీసింది. "మీరూ చెప్పండి యమున గారూ."

గారూ అన్న ఆ పిలుపుకు యమున పొంగిపోయింది. ఆఫీసరు భార్యలెవరూ ఆమెను ఇంతకుముందు అలా పిలిచింది లేదు.

"గసొంటోళ్ళను పిల్లల నడుమ నిలవెట్టుడేంది సార్?" యమున గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "పిల్లలకు అన్నం పెట్టి పండవెట్టుడే తప్ప సదువు చెప్పుడు వాళ్ళకు తెల్వది. మా ఇంట్ల గూడ ఒకతున్నది, నాకెరికే. ఎవతో గామెను బయటికి పిలువుండ్రి. మా ముంగటనే ఎల్లగొట్టుండ్రి!"

వెనక తలుపు ఉంది. కానీ నవనీత తనవైపే చూస్తోంది. ఆ పిల్ల ముందు దొంగలా పారిపోవడానికి మనసొప్పక, తిరుమల సుద్దముక్క బల్ల మీద పెట్టి వాకిట్లోకి వెళ్ళింది. నవనీత కూడా లేచి గుమ్మం దాకా వచ్చింది.

యమున తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఈవిడ దాచిందండీ. నాకు తెలియదు," అన్నాడు రాంప్రసాద్ సారు, నేల చూపులు చూస్తూ.

"మీదీ గోదావరిఖనే కదా యమున గారూ, ఈమె మీకు తెలుసా?" సుబ్బలక్ష్మి అడిగింది.

తిరుమల ఆశగా వదిన ముఖంలోకి చూసింది. నా ఆడబిడ్డ అంటే చాలు. తర్వాత ఎన్ని తిట్టినా పడుతుంది. యమున మాత్రం ఆఫీసరు భార్యలవైపు చూసింది.

"తెల్వది," అంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇగ ఈ గేటు తొక్కద్దని చెప్పుండ్రి సార్."

తిరుమల చేతికంటిన సుద్దపొడి కొంగుకు తుడుచుకుంది. "తప్పయింది మేడం," అంది వదినతోనే. గేటు దాటేదాకా ఏడుపు ఆపుకుంది. ఆ తర్వాత అది ఆగలేదు.

తిరుమల ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. యమున పట్టుచీరైనా మార్చుకోకుండా గోడకానుకుని కూర్చుంది. నవనీత తల్లి ఒళ్ళో ఉంది.

"అమ్మా, అత్తను నువ్వు గుర్తువట్టలేదా?" అడుగుతోంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, నిజంగానే అనుమానం. "నీ ముంగటనే నిలవడ్డది గదా."

"ఏమైంది?" అన్నాడు భూపాల్. ఈసారి ఆయన వెళ్ళడానికి షిఫ్టు లేదు.

చెప్పులు విడుస్తూ తిరుమలే మేనకోడలికి జవాబిచ్చింది. "ఎండల వడి వచ్చింది గద బిడ్డా. అమ్మకు కండ్లు ఆనలే."

"పొద్దుగూకినంక ఎండెక్కడిది అత్తా?"

యమున భోరుమంది. తలబాదుకుంటూ ఏడ్చింది. "గుర్తువట్టిన బిడ్డా. మంచిగ గుర్తువట్టిన. గుర్తువట్టే తెల్వదన్న." తిరుమల కాళ్ళ దగ్గరికి పాకినట్టు వచ్చింది. "నన్ను తిట్టు తిరుమలా. ఒక్క మాట తిట్టు."

తిరుమల తిట్టలేదు. పోనీలే వదినె అని కూడా అనలేదు. వంగి ఆమె భుజాలు పట్టుకుంది, అంతే. ఇద్దరూ ఏడ్చారు.

తలెత్తి చూస్తే నవనీత తల్లి ఒళ్ళోంచి జారి, గదికి అవతలి మూల గోడకు అతుక్కుని నిలబడి ఉంది.

"రా బిడ్డా, అమ్మ ఏడుస్తున్నది. అమ్మ దగ్గరికి రా," అని పిలిచింది తిరుమల.

నవనీత కదల్లేదు.