పదకొండో నిమిషం

ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం బడిలో పెట్టింది బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు. చిటపటకి ఆ తేదీ, ఆ భోజనం రెండూ ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే గుడ్డు సగం నోట్లో ఉండగానే ఆ కబురు వచ్చింది.

చిటపట ఆమె అసలు పేరు కాదు. కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడుతుందని మూడో తరగతిలో ఎవరో పెట్టారు. ఆ పేరు ఆరో తరగతి దాకా ఆమె వెంటే వచ్చింది.

కబురు తెచ్చింది పక్క బెంచీ పిల్ల. ‘చుక్కల దారి’ సినిమాకి మూడో ఎర్ర కార్డు పడిందట. రేపు పొద్దున వ్యాన్‌లో వెళ్ళిపోతుందట.

చిటపటకి గుడ్డు గొంతులో అడ్డం పడింది.

ఆ బడిలో లైబ్రరీ పక్కనే ఒక సినిమా గది ఉంది. ఒక టీవీ, పన్నెండు కుర్చీలు, ఒకే ఒక్క అలమర. అలమరలో నలభై సినిమాలే పడతాయి. అందుకని లైబ్రరీ సార్ ఒక పద్ధతి పెట్టారు. సినిమా చూసినవాళ్ళు కార్డు రాయాలి. నచ్చితే పచ్చ కార్డు, నచ్చకపోతే ఎర్ర కార్డు. మూడు ఎర్ర కార్డులు పడిన సినిమా మెట్ల కింది అరలో ఉన్న అట్టపెట్టెలోకి వెళ్తుంది. నెలకోసారి వ్యాన్ వచ్చి ఆ పెట్టెను వేరే బడికి తీసుకుపోతుంది. అలా పోయినవి మళ్ళీ రావు.

చిటపట వాళ్ళమ్మ సిటీ బస్సు నడుపుతుంది. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి ఐదున్నర దాటుతుంది. బడి వదిలాక అప్పటిదాకా చిటపట సినిమా గదిలోనే ఉంటుంది. ‘చుక్కల దారి’ ఆరుసార్లు చూసింది. ఎర్రటి చందమామ మీద ఒక ఊరు. అక్కడ పీల్చే గాలి మొత్తం ఒకడి గుప్పిట్లో ఉంటుంది. ఒంటరిగా అంతరిక్ష ఓడ నడిపేవాడు ఒకడు దుమ్ము కొట్టుకున్న టోపీ పెట్టుకుని అక్కడికి వస్తాడు. వెంట ఒక ముసలి యంత్రపు గాడిద. ఆ గాడిద నడక చిటపట అచ్చం నడిచి చూపించగలదు.

ఆమె సరాసరి లైబ్రరీలోకి వెళ్ళి మూడో ఎర్ర కార్డు అడిగి చూసింది. రాత చూడగానే తెలిసిపోయింది. తన తరగతిలోనే చదివే, అందరూ కళ్ళజోడు అని పిలిచే పిల్లవాడిది.

‘అంతా చీకటి. ఏమీ జరగదు. వద్దు.’

చిటపట అగ్గిమీద గుగ్గిలం అయింది. ఏమీ జరగదా? చందమామ రెండు చెక్కలవుతుంటే ఏమీ జరగదంటాడా? తొమ్మిది పచ్చ కార్డులు ఉన్నాయి కదా, అవన్నీ ఏమైనట్టని సార్‌ని నిలదీసింది. ఆ తొమ్మిదిలో నాలుగు ఒకే చేతిరాత, నాలుగు రంగుల సిరా అని సార్ నెమ్మదిగా గుర్తుచేశారు. చిటపట ఆ సంగతి వదిలేసి కళ్ళజోడుని వెతకడానికి పరుగెత్తింది.

వాడు వరండాలో అరటిపండు ఒలుచుకుంటున్నాడు.

“చివరిదాకా చూశావా?” అంది.

“చూడక్కర్లేదు. అర్థమైపోయింది.”

“ఏమర్థమైంది? చివర్లో ఏమవుతుందో చెప్పు.”

వాడు అరటిపండు ఇంకాస్త ఒలిచాడు. “ఓడ పేలిపోతుంది.”

“పేలదు.”

“అయితే ఎగిరిపోతుంది. రెండిట్లో ఒకటేగా.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిటపట పళ్ళు కొరికింది. చూడకుండా తీర్పు చెప్పడమంటే పరీక్ష పేపరు చదవకుండా సున్నా వేసినట్టేనని, అలాంటివాళ్ళని గదిలోకే రానివ్వకూడదని వరండా అంతా వినబడేలా చెప్పింది. కళ్ళజోడు అరటిపండు తింటూ అంతా విన్నాడు.

బడి వదలగానే ఆమె మళ్ళీ సార్ ముందు నిలబడింది. సార్ ఆమె చెప్పిందంతా విని, కార్డు పైన అచ్చువేసిన వాక్యం చూపించారు. ‘చివరిదాకా చూసినవాళ్ళే రాయాలి.’

“వాడు చూడలేదని తేలితే కార్డు కొట్టేస్తాను. గుమ్మం దగ్గర రిజిస్టర్ ఉంది, చూడు.”

సినిమా గదిలోకి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ అందరూ అందులో టైము రాయాలి. చిటపట వేలు పెట్టి ఒక్కో గీతా చూసుకుంటూ పోయింది. దొరికింది. చుక్కల దారి. కళ్ళజోడు. లోపలికి మూడూ పది. బయటికి మూడూ ఇరవై రెండు.

పన్నెండు నిమిషాలు. గంటా నలభై నిమిషాల సినిమాకి పన్నెండు నిమిషాలు.

ఆమెకి అంతటితో ఆగాలనిపించలేదు. ఆ సినిమాకి ఎర్ర కార్డులు వేసిన మిగతా ఇద్దరి సంగతీ తేల్చేద్దామనుకుంది. పేజీలు వెనక్కి తిప్పింది. జనవరి చివర. జనవరి మధ్య. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

ఎండిన లోయ. లోపలికి మూడూ ఐదు. బయటికి మూడూ పదిహేను.

పక్కన ఉన్నది తన పేరే. తన గుండ్రటి అక్షరాలే.

అప్పుడు గుర్తొచ్చింది. అదొక పాత గుర్రాల సినిమా. రంగులు కూడా లేవు. ఒక మనిషి కళ్ళెం పట్టుకుని గుర్రం పక్కన నడుస్తాడు. ఎంతసేపటికీ నడుస్తూనే ఉంటాడు. పది నిమిషాలు చూసి లేచిపోయింది. ఎర్ర కార్డు మీద ‘గుర్రం ఉండి కూడా నడుస్తున్నాడు. తెలివి లేదు. వద్దు’ అని రాసింది. రాసి ఊరుకోలేదు, తరగతిలో అందరికీ చదివి వినిపించింది. అందరూ పడీపడీ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది కళ్ళజోడే.

చిటపట చెవులు వేడెక్కాయి. అదీ ఇదీ ఒకటి కాదని తనకి తాను చెప్పుకుంది. అది పాతది. పాతవి అలాగే ఉంటాయి. అయినా ఇప్పుడు దాని ఊసు ఎవరెత్తారు?

ఆమె పేజీలు గబగబా ముందుకి తిప్పి, కళ్ళజోడు గీత ఉన్న చోటే తెరిచి సార్‌కి చూపించింది. సార్ చూశారు. ఎర్ర కార్డు మీద అడ్డంగా గీత కొట్టారు. మెట్ల కింద నుంచి ‘చుక్కల దారి’ని తెచ్చి ఆమె చేతుల మీదుగానే అలమరలో పెట్టించారు.

గెలిచింది. కానీ గెలిచినట్టు అనిపించలేదు. చెప్పులో చిన్న రాయి పడ్డట్టుంది.

సరిగ్గా అప్పుడే వంట పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె బడి వంటగదిలో పనిచేస్తుంది. గిన్నెలన్నీ కడిగాక దొరికే కాస్త తీరికలో ఎప్పుడైనా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటుంది. అలమర ముందు నిలబడి కిందా పైనా వెతికింది.

“ఆ గుర్రం సినిమా ఎక్కడికి పోయింది బాబూ? రెండు వారాలుగా కనబడటం లేదు.”

ముగ్గురికి నచ్చలేదని, పెట్టెలోకి వెళ్ళిందని, రేపు వ్యాన్ వస్తుందని సార్ చెప్పారు.

చిటపట చటుక్కున రిజిస్టర్ మూసింది. పెద్దమ్మ కేకలేస్తుందనుకుంది. నచ్చని వాళ్ళెవరో వాళ్ళ పేర్లు చెప్పమంటుందనుకుంది. తనైతే అలాగే చేసేది.

పెద్దమ్మ అలమర వైపే చూస్తూ, “పోనీలెండి. పిల్లల గది ఇది. వాళ్ళకి నచ్చాలి కదా,” అంది. “సినిమాల్లో కింద వచ్చే అక్షరాలు నేను చదివేలోపే పోతాయి. ఆ గుర్రం ఒక్కటీ నాకు బాగా అర్థమయ్యేది.” అని వెనక్కి తిరిగింది.

చిటపటకి కడుపు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేకపోయింది. చూడకుండా తీర్పు చెప్పినవాళ్ళని గదిలోకి రానివ్వకూడదని మధ్యాహ్నం అరిచిన గొంతు తనదే. పెద్దమ్మ ఒక్క మాట కోప్పడి ఉంటే తను నాలుగు మాటలు తిరిగి అనేసి ఊరుకునేది. ఇప్పుడు ఆ కోపం పెట్టుకోవడానికి ఒక్క చోటే మిగిలింది.

“పెద్దమ్మా, ఒక్క నిమిషం ఆగు,” అంది.

రిజిస్టర్‌లో జనవరి పేజీ తెరిచి సార్ బల్ల మీద పెట్టింది.

“సార్, ఇది కూడా కొట్టెయ్యండి. చూసింది పది నిమిషాలే. ఆ కార్డు రాసింది నేనే.”

సార్ తల కూడా ఎత్తకుండా డ్రాయరు లాగి, మెట్ల కింది అర తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆ క్షణంలో ఆయన తన ముఖంలోకి చూడకపోవడం ఎంత దయో చిటపటకి చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

‘ఎండిన లోయ’ పెట్టె అడుగున ఉంది. దానికి మూడు ఎర్ర కార్డులు, ఒక పచ్చ కార్డు గుచ్చి ఉన్నాయి. పచ్చ కార్డు మీద వంకర అక్షరాలతో ‘గుర్రం మంచిది’ అని మాత్రం ఉంది.

పెద్దమ్మ, చిటపట పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. సినిమా మొదలైంది. ఆ మనిషి నడుస్తున్నాడు. దుమ్ము. ఎండ. మళ్ళీ నడక. సార్ బల్ల మీద తెరిచి ఉన్న జనవరి పేజీ చూసి, కళ్ళజోడు తలుపు సందులోంచి తొంగిచూశాడు.

“పది నిమిషాలైంది. ఇంకా లేవలేదేం?”

“కూర్చుంటే కూర్చో. లేకపోతే తలుపు మూసి పో.”

వాడు కూర్చున్నాడు.

పదకొండో నిమిషంలో ఆ మనిషి ఆగాడు. నీళ్ళ తిత్తి విప్పి చూశాడు. అడుగున కాసిన్ని నీళ్ళే ఉన్నాయి. అతని పెదవులు పగిలి ఉన్నాయి. టోపీ తీసి, ఆ నీళ్ళన్నీ అందులో పోసి గుర్రం మూతి ముందు పట్టాడు. గుర్రం కుంటుతోందని చిటపట అప్పుడు చూసింది. అందుకే అతను ఎక్కలేదు. అందుకే అంత దూరమూ నడిచాడు.

‘చుక్కల దారి’లో ఓడ నడిపేవాడు సరిగ్గా ఇలాగే తన సూట్ బ్యాటరీ తీసి యంత్రపు గాడిదకి పెడతాడు. ఆరుసార్లూ ఆమె అక్కడే ఏడ్చింది.

ఆ తర్వాత ఊరొచ్చింది. అక్కడ గాలి బదులు బావి. ఊరి నీళ్ళన్నీ ఒక్కడి గుప్పిట్లో. ఆ పెద్దమనిషి ఒక చిన్నపిల్ల చేతిలోని బాల్చీని కాలితో తన్నగానే పెద్దమ్మ “నీ కాలు విరగ” అంది. చిటపట ఇంకా గట్టిగా తిట్టింది. గుర్రం మనిషి సాయానికి రమ్మంటే ఊరివాళ్ళంతా కిటికీలు మూసుకున్నారు. కళ్ళజోడుకి కూడా కోపమొచ్చింది. ఒక్కడైనా బయటికి రాడేంటని కుర్చీ మీద గుద్దాడు. ముగ్గురూ కలిసి ఆ ఊరు మొత్తాన్నీ దులిపేశారు.

ఐదున్నర దాటాక అమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. పద పద అనబోయి, తెరను చూసి, చప్పుడు చేయకుండా చివరి కుర్చీలో కూర్చుంది. సినిమా అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

“ఇది నీ చందమామ సినిమాయే కదా,” అన్నాడు కళ్ళజోడు. “వాళ్ళు దీన్ని చూసి ఎత్తేశారు.”

“ఎత్తెయ్యడం కాదు. ఇది తాత, అది మనవరాలు. ముక్కు ఒకటే, మనుషులు వేరు.”

“అయితే రేపు మనవరాల్ని చూస్తా. చివరిదాకా.”

చిటపట తెల్ల కాగితం ఒకటి తీసింది. పైన పెద్ద అక్షరాలతో ‘చుక్కల దారి నచ్చిందా? అయితే ఈ పాత గుర్రాల సినిమాలు చూడండి’ అని రాసింది. కింద ఐదు గీతలు గీసింది. మొదటి గీత మీద ‘ఎండిన లోయ’ అని రాసి, పక్కన ‘పదకొండో నిమిషం దాకా లేవొద్దు. ఆ తర్వాత మీకే లేవబుద్ధి కాదు’ అని చేర్చింది.

అలమరలో ఇంకా నాలుగు గుర్రాల సినిమాలు ఉన్నాయి. అవి కూడా రాసెయ్యమని, కాగితం బోసిగా ఉందని కళ్ళజోడు పట్టుబట్టాడు. వాడే పేర్లు చదివి చెప్పబోయాడు కూడా.

“అవి నేను చూడలేదు,” అంది చిటపట. కలం మూత పెట్టేసింది.

నాలుగు ఖాళీ గీతలతోనే ఆ కాగితాన్ని అలమర పక్కన అంటించింది. పెద్దమ్మ టీవీ మీద గుడ్డ కప్పింది. అమ్మ సంచీ అందుకుంది. అందరూ వరండా దాటాక, సార్ లైటు ఆర్పి, సినిమా గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.