దానికేం తెలుసండీ

పొద్దున్నే పెసరట్టు వద్దన్నాడంటే జోగేశ్వరరావుకి నిజంగానే కోపం వచ్చిందని అర్థం. పెనుగొండ బజారులో బట్టల కొట్టు పెట్టినప్పటినుంచీ అల్లం పచ్చడితో పెసరట్టు తినకుండా ఆయన కొట్టు తాళాలు పట్టుకున్న రోజు లేదు. ఆ వేళ మాత్రం పళ్ళెం పక్కకి నెట్టేసి, భోజనాల బల్ల దగ్గర బిగుసుకుని కూర్చున్నాడు.

"ఏమే, ఇంగ్లీషు క్లాసులో నా గురించి ఏం వాగావు?"

నాగరత్నం పెనం మీది అట్టు తీసి, స్టవ్ కట్టేసింది. విషయం ఇంత తొందరగా ఇల్లు చేరుతుందనుకోలేదు. తమ కొట్టు పక్కనున్న స్టీలు సామాన్ల కొట్టు చిట్టియ్య కూతురు కూడా అదే క్లాసుకి వస్తుంది మరి. నిన్న సాయంత్రం చిట్టియ్య బేరగాళ్ళందరూ ఉండగానే కొట్టు ముందుకొచ్చి, "మీ ఆవిడగారు మీ మీద ఇంగ్లీషులో కంప్లయింటు పెట్టారటండి" అని నవ్వి పోయాడు.

"వాగలేదండి. వాక్యం చెప్పాను" అంది నాగరత్నం.

స్పోకెన్ ఇంగ్లీషు మోజు చిన్న ఊళ్ళకి కూడా పాకిన రోజులవి. మధ్యాహ్నాలు నిద్రపోయే బదులు నాలుగు ముక్కలు నేర్చుకోవచ్చు కదమ్మా అని, డిగ్రీ చదివే కూతురు తేజస్వే తల్లిని ఆ క్లాసులో చేర్చింది. అక్కడ ఫణిశ్రీ మేడమ్ బోర్డు మీద రెస్పెక్ట్ అని రాసి, "గౌరవం అని అర్థం అందరికీ తెలుసు. మీ ఇంట్లో రోజూ జరిగేదాంట్లో ఈ మాట పెట్టి చెప్పండి" అంది. మేము పెద్దల్ని గౌరవిస్తాం అని ఒకావిడ, మా పిల్లలు టీచర్లని గౌరవిస్తారు అని ఇంకొకావిడ, అన్నీ పుస్తకంలో మాటలే చెప్పారు. నాగరత్నం లేచి, "మై హస్బెండ్ రెస్పెక్ట్స్ ఎవ్రీ కస్టమర్. హి డజ్ నాట్ రెస్పెక్ట్ మి" అంది. గ్రామర్‌లో ఒక్క తప్పు కూడా లేదని మేడమ్ మెచ్చుకుంది.

"ఆ మాట నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు జోగేశ్వరరావు. "సేల్స్ టాక్సు ఆఫీసుకి అర్జీ పెడితే పైన రెస్పెక్టెడ్ సర్ అని రాస్తాం. అది కాగితం మీద రాసుకునే మాట. దానికి కాపురంలో ఏం పని? నీకేం తెలుసు?"

"ఇదిగో, ఇదే."

"ఏది?"

"నీకేం తెలుసు అన్నారే, అది. జాకెట్టు గుడ్డ కొనడానికి వచ్చిన చిన్నపిల్లతో కూడా మీకు తెలియందేముందండీ అంటారు. ఇంటి గుమ్మం తొక్కేసరికి నాకు మాత్రం ఏమీ తెలియదు."

"వాళ్ళు కొనడానికి వస్తారే."

"కొనని మనిషికి మర్యాద ఉండదాండీ?"

తేజస్వి కాలేజీ సంచి సర్దుకుంటూ అక్కడే నిలబడిపోయింది. "అమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఏముంది నాన్నా?" అంది.

"నువ్వు నోరు ముయ్యి. ఆ క్లాసులో చేర్చింది నువ్వే" అని కూతుర్ని కసిరి, భార్య వైపు తిరిగాడు. "నీకు బంగారం పెట్టలేదా, పట్టుచీరలు పెట్టలేదా? బజారులో నా తల తీసేశావు. మధ్యాహ్నం వెళ్ళి, ఆ వాక్యం తప్పు, మా ఆయన నన్ను గౌరవిస్తాడు అని అందరి ముందూ చెప్పు. లేకపోతే రేపటినుంచి క్లాసు లేదు."

"చెప్పను" అంది నాగరత్నం.

ఆ మాట ఆయన ముందు ఆవిడ నోటినుంచి రావడం అదే మొదలు. అనేశాక వెనక్కి తీసుకోలేదు కూడా. "అది నిజమైన రోజున మీరు అడక్కుండానే చెప్తాను. క్లాసు కూడా మాననండి."

"అయితే నేనే వచ్చి చెప్తాను."

"రండి."

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నం కునుకు కూడా మానుకుని ఆవిడ వెనకాలే బయల్దేరాడు. ఫణిశ్రీ ఇంటి మేడ మీదే క్లాసు. మగమనిషి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ పైటలు సర్దుకుని లేచారు. ఫణిశ్రీ కుర్చీ వేసి, "కూర్చోండి. నాగరత్నంగారి వాక్యంలో తప్పేంటో చెప్పండి, దిద్దుకుంటాం" అంది.

దారి పొడుగునా ఆయన కటువైన మాటలే కూడదీసుకున్నాడు. కానీ పరాయివాళ్ళు కనపడితే చాలు, ఆ మనిషికి కొట్టులో గొంతు వచ్చేస్తుంది. చేతులు నలుపుకుంటూ నవ్వాడు.

"మీకు తెలియందేముందండీ మేడమ్, పెద్ద చదువులు చదివినవారు. మా ఆవిడేదో అనేసింది. దానికేం తెలుసండీ."

ఒక్క ఊపిరిలో రెండూ వచ్చేశాయి. చిట్టియ్య కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు, ఆపైన గది గదంతా నవ్వింది. జోగేశ్వరరావుకి చెవులు కాలిపోయాయి. అంతమందిలో నవ్వనిది నాగరత్నం ఒక్కతే. గెలిచానన్న సంబరం కూడా ఆ మొహంలో లేదు. బాగా అలిసిపోయిన మనిషిలా ఆయన్ని చూసింది.

"వాక్యం మార్చమంటారా, ఉంచమంటారా?" అని ఫణిశ్రీ అడిగితే ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాగరత్నం వెనకాల పరిగెత్తలేదు. పాఠం అయ్యేదాకా కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి ఆయన వీధి అరుగు మీద ఉన్నాడు. మధ్యాహ్నం మూసిన కొట్లన్నీ బజారులో మళ్ళీ తీసే వేళ అది.

"మళ్ళీ అనేశాను" అన్నాడు.

"విన్నాను."

"ఎప్పట్నుంచి అంటున్నానే ఆ మాట?"

నాగరత్నం గడప దగ్గర ఆగింది. "పెళ్ళయిన కొత్తలో సరదాపడి కొట్టుకి వచ్చానండి. మా పుట్టింట్లో కూడా బట్టల వ్యాపారమేగా. ఒకావిడ ఏ చీర తీసుకోవాలో తేలక అవస్థ పడుతుంటే, మీకు వంగపండు రంగు బాగుంటుందండీ అన్నాను. మీరు నవ్వి, కొత్త పెళ్ళికూతురు, దానికేం తెలుసండీ అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత మన కొట్టు మెట్టు ఎక్కలేదు."

జోగేశ్వరరావు తెల్లబోయాడు. మా ఆవిడకి వ్యాపారమంటే పడదండీ అని ఇన్నేళ్ళూ ఆయన ఊరందరికీ చెప్పుకుంటూ వచ్చాడు.

"నాకు గుర్తే లేదు" అన్నాడు.

"మీకెందుకుంటుందండి? అన్నవారు మీరు, పడ్డదాన్ని నేను."

వీధిలో ఎవరో నమస్కారం పెడితే ఆయన తిరిగి పెట్టడం కూడా మర్చిపోయాడు. చివరికి తల దించుకుని, "తప్పయిపోయింది నాగరత్నం" అన్నాడు.

ఫర్లేదులెండి అని ఆవిడ నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఏ రచ్చ జరిగినా ఆ మాటతోనే సర్దేయడం ఆవిడకి అలవాటు. ఈసారి మింగేసింది. మింగేసిన మాట బదులు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

"ఆ వాక్యం నేను మార్చను" అంది ఏడుస్తూనే.

"మార్చొద్దు."

చిట్టియ్య వీధి మొగలోంచి కేకేశాడు, కొట్టు ముందు పెళ్ళి బట్టల బేరం వచ్చి నిలబడిందని. పెళ్ళి బేరమంటే మామూలుగా అయితే చెప్పులైనా చూసుకోకుండా పరిగెత్తేవాడు. రేపు రమ్మనండి అని చెయ్యి ఊపి, అరుగు మీద పక్కకి జరిగాడు.

"అలాంటివి ఇంకా ఏమేం అన్నాను? చెప్పు, వింటాను."

అది బేరాలాడే గొంతేమోనని ఆవిడ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. కాదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వచ్చి పక్కన కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.