పసుప్పచ్చ తిర్పాల్‌కి నాలుగు మాటలు

“ఇది ఎవరికి రాసిండ్రు? కలెక్టర్ గారికా?”

సాయిశ్రీ నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. ఆమె చేతిలో నేను పొద్దున్నుంచీ కూర్చుని రాసిన కాగితం ఉంది.

భోపాలపట్నం పాత బస్టాండు దగ్గర చాయిస్ సెంటర్ ఆమెదే. ఆధార్, ఫోటోలు, పరీక్ష ఫారాలు అన్నీ అక్కడే. వారపు బజారు రోజున మంగు ఆటో మీద మైకులో తిరిగే ప్రకటనలన్నీ ఆమె గొంతే. హిందీలో మొదలుపెట్టి, తెలుగులోకి దిగి, అడవి పల్లెల దోర్లీలో ముగించినా ఎక్కడా తడబడని గొంతు.

“చదవండి, బాగుంటుంది,” అన్నాను.

ఆమె గొంతు సవరించుకుంది. “గౌరవనీయులైన వినియోగదారులకు సవినయ మనవి. రెండు తరాలుగా మీ సేవలో తరిస్తున్న రామారావు ట్రేడర్స్ వారు అత్యున్నత నాణ్యత కలిగినట్టియు...” అక్కడ ఆగింది. “ఊపిరాడతలేదండీ నాకు. ఇంతకీ ఏం అమ్ముతున్నరు?”

“తిర్పాల్‌లు. అదే, వానకి కప్పుకునే పట్టాలు. కింద రాశాను.”

“కిందనా! అక్కడికి వచ్చేసరికి మంగు ఆటో తర్లగూడ దాటి పోతది.”

వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని నేను. నేను రాసింది చూసి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

“జగదల్‌పూర్‌ల ఇట్లాంటివి రాసేటోళ్లు ఉన్నరు కదా. వాళ్లను అడగకపోయిండ్రా?”

“అడిగాను. వారం పడుతుందన్నారు. రేపే బజారు. ఇంకో వారానికి వానలు దిగుతాయి, ఆలోగా అందరూ వేరేచోట కొనేసుకుంటారు.”

“ఏం రంగు? నీలమేనా?”

“పసుపు.”

ఆమె తలెత్తి నన్ను సూటిగా చూసింది. ఆ చూపులో సగం జాలి, సగం నవ్వు. రెండూ ఆమెకి బాగా నప్పాయి. అదే నాకు వచ్చిన ఇబ్బంది.

“అందరూ నీలమే అమ్ముతుంటే మనం వేరేది అమ్మాలని మార్కెటింగ్ పాఠంలో చదివాను,” అన్నాను, నిజాయితీగా.

“ఆ పాఠం రాసినాయన మా బజారుకు వచ్చిండా?”

రాలేదు. అందుకే లారీ నుంచి దిగిన సరుకు దిగినట్టే దుకాణంలో ఉంది. నాన్న నిన్ననే తేల్చేశాడు: “రేపటి బజారుల ఇది అమ్ముడుపోతే దుకాణం నువ్వే చూసుకో. లేదంటే వరంగల్‌ల మీ మామ గోదాముకు పో. చదువుకున్నోడివి, కుర్చీ ఇస్తడు.”

నాకు ఆ కుర్చీ వద్దు. ఈ ఊరు, ఈ దుకాణం కావాలి. ఆ మధ్యాహ్నం నుంచి ఇంకో కారణం కూడా వచ్చి చేరింది, అది నాన్నకి చెప్పేది కాదు.

“ఇంకోటి రాసి తెస్తాను,” అన్నాను.

“ఆరింటికి మూసేస్తా. ఈ గడప నుంచి ఆ చేతిపంపు దాకా నేను నడిచేలోపు అయిపోవాలె. ఆటో ఒక మనిషిని దాటేది అంతసేపే.”

దుకాణానికి వచ్చి అట్టపెట్టె చించి దాని మీద రాశాను. నాణ్యమైనది, మన్నికైనది, సరసమైనది. పొట్టిగానే ఉంది. కానీ చదువుకుంటే నీలం తిర్పాల్‌కీ సరిపోతుంది, గొడుగుకీ సరిపోతుంది, బకెట్టుకీ సరిపోతుంది. కొట్టేశాను.

అప్పుడే లక్కే వచ్చింది. అడవి పల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉప్పు, సబ్బులు కొనుక్కుపోయే మనిషి. పసుపు తిర్పాల్‌ని వేళ్లతో నలిపి పకపకా నవ్వింది.

“ఏంది బాబూ, పెళ్లి చేస్తున్నవా దీనికి?”

మామూలుగా అయితే నాణ్యత గురించి ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ని. ఈసారి నోరు మూసుకుని, “నీకు ఎట్లాంటిది కావాలి లక్కే?” అని అడిగాను.

దోర్లీ, తెలుగు కలిపి ఆమె చెప్పుకుంటూ పోయింది. పోయినేడు చింతపండు మీద కప్పిన తిర్పాల్ గాలివానకి లేచిపోయింది. ఊళ్లో అందరివీ లేచి ఒక్కచోట పడ్డాయి. అన్నీ నీలమే. “నాది ఏదో నాకే తెల్వలే. మా వదినేమో నాదంటది, నేను నాదంట. ఇప్పటికీ మాటల్లేవ్.”

నేను పసుపు తిర్పాల్ వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

“ఇదైతే ఎగిరినా దొరుకుతది,” అంది మెల్లగా. కొనుక్కుపోయింది.

ఆరు కొట్టకముందే అట్టముక్కతో సెంటర్ ముందు నిలబడ్డాను. సాయిశ్రీ తాళం చేత్తో పట్టుకునే అందుకుంది. గడప దిగి చదువుతూ నడిచింది.

“అమ్మా, అక్కా! పోయినేడు గాలివానకు నీ తిర్పాల్ ఎగిరిపోయిందా? అందరిదీ నీలమే, నీది ఏదో తెల్వలేదా? ఈసారి పసుపుది కట్టుకో. ఎగిరినా దొరుకుతది. ఎవరు చూసినా నీదే అంటరు. ఎన్నటికీ చినగదు...”

చేతిపంపుకి ఇంకా నాలుగడుగులు ఉండగా ఆగింది. “నిజంగ చినగదా?”

“రెండు మూడేళ్లు వస్తుంది.”

“అయితే ఈ మాట తీసెయ్. నా గొంతుతోని అబద్ధం చెప్పను. రేపు వీళ్లే ఆధార్‌కు నా దగ్గరికి వస్తరు.”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఆమె గమనించలేదు. నేను గమనించాను.

“మరి మిగతాది?”

“మిగతాది... నువ్వే రాసినవా?”

“సగం లక్కే చెప్పింది.”

“మంచిగుంది.” ఆ రెండో సగం ఎవరిదో అడగలేదు కానీ పెదవి చివర నవ్వు దాచుకోలేకపోయింది. “అన్నీ చెప్పినవ్, ఎక్కడికి రావాలో చెప్పలే. విన్నోళ్లు ఎటు పోవాలె?”

“పాత బస్టాండు, రామారావు ట్రేడర్స్.”

“బోర్డు చదివేది ఎంతమంది? ఒకటి పైన కట్టు. పసుపు తిర్పాల్ ఉన్న దుకాణం అని చెప్తా.” రికార్డు చేయడానికి తలుపు మళ్లీ తీస్తూ, “అందరూ పసుపే కొంటే మళ్లీ కొట్లాటే కదా?” అంది.

“వచ్చే ఏడు ఎర్రవి తెప్పిస్తా.”

ఈసారి దాచుకోకుండా నవ్వింది.

మర్నాడు బజారు నిండింది. మా దుకాణం నెత్తిన పసుపు తిర్పాల్ కట్టాను. మంగు ఆటో బయల్దేరింది. అయితే స్పీకర్లోంచి గరగర తప్ప మాట రావడం లేదు. పెన్ డ్రైవ్ పాడయింది. జనం వచ్చారు, రంగు చూశారు, నవ్వుకుని వెళ్లారు. గల్లా దగ్గర నాన్న నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఒక తిర్పాల్ భుజాన వేసుకుని ఆటో వెనక పరిగెత్తాను. రికార్డు పోతే నేనే అరుస్తాను, అంతే. తీరా చూస్తే ఆటోలో మంగు పక్కన సాయిశ్రీ కూర్చుని మైకు సరిచేసుకుంటోంది.

“సెంటర్?” అన్నాను రొప్పుతూ.

“మూసొచ్చిన. నువ్వు అది ఎత్తి పట్టుకుని ముందు నడువ్.”

అప్పుడే గాలి లేచింది. దుమ్ము, ఎండాకులు, వెంటనే రెండు చినుకులు. కూరగాయల వరుసలో నీలం తిర్పాల్‌లు పటపటా లేచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకే తిర్పాల్‌ని ఇద్దరు ఆడవాళ్లు చెరో చివరా పట్టుకుని లాగుతున్నారు.

“అక్కా, కొట్లాడకుండ్రి!” సాయిశ్రీ గొంతు బజారంతా మోగింది. “అందరిదీ నీలమే, నీది ఏదో ఎట్లా తెలుస్తది? అటు చూడుండ్రి, పసుపుది. ఎగిరినా దొరుకుతది. ఎవరు చూసినా నీదే అంటరు!”

ముందు హిందీలో, తర్వాత దోర్లీలో అదే మాట. లాగుతున్న ఇద్దరూ ఆగి నా నెత్తి మీద ఎగురుతున్న పసుపు వైపు చూశారు. ఆ తర్వాత మేం దుకాణం చేరేసరికి నాన్న ఒక్కడూ అందరికీ సరుకు ఇవ్వలేక “చక్రీ!” అని అరుస్తున్నాడు.

సాయంత్రానికి గోడ పక్క పేర్చిన సరుకంతా ఖాళీ అయింది. పైన కట్టిన ఒక్కటే మిగిలింది. దాని కింద సాయిశ్రీ జుట్టులో దుమ్ము దులుపుకుంటోంది. నేను ఫోన్‌లో ఒకటి రాసి ఆమె చేతికిచ్చాను.

చదివింది. కనుబొమ్మలు పైకి లేచాయి. “నేను డిగ్రీ చదివాను, నేను కష్టపడతాను, నేను నిన్ననే అనుకున్నాను... చక్రీ, మళ్లీ రెండు తరాల సేవేనా? ఇందులో నేనేది?”

ఫోన్ తీసుకుని మొత్తం చెరిపేశాను. చేతిపంపు ఎదురుగానే ఉంది.

“ఎంత గాలి వచ్చినా నీ పక్కనుంచి ఎగిరిపోను,” అన్నాను. “ఎవరు చూసినా నన్ను నీవాడే అనాలి.”

జుట్టు దులుపుకోవడం ఆపేసింది. చెంపలు ఎర్రబడ్డాయి.

“మంచిగుంది,” అంది. “కానీ మళ్లీ మర్చిపోయినవ్. ఎక్కడికి రావాలో చెప్పలే.”

నేను నోరు తెరిచేలోపే గల్లా వెనక నుంచి దగ్గు వినిపించింది.

“అరేయ్ చక్రీ,” అన్నాడు నాన్న, గల్లా పెట్టె నుంచి తలెత్తకుండానే. “ఆ పైన కట్టింది ఎవరు అడిగినా ఇయ్యకు. పందిరికి కావాలె.”

“ఏ పందిరి మామయ్యా?” అంది సాయిశ్రీ. ఆ ‘మామయ్యా’ ఆమె నోట్లోంచి జారిపడ్డాక చున్నీ కొసతో మూతి మూసుకుంది.

“ఎక్కడికి రావాలో నువ్వే అడిగినవ్ కదమ్మా. మీ నాయినను ఈ దుకాణానికే తీస్కరా. వానలు పోయినంక మాట్లాడుకుందం. వీడు ఎక్కడికి పోడు, ఈన్నే ఉంటడు.”

వాన జోరందుకుంది. సామాన్లు సర్దుకుని పరిగెత్తేవాళ్లు బజారులో ఏ మూల నుంచి చూసినా, పసుపు తిర్పాల్ కింద నిలబడ్డ మేమిద్దరం కనబడుతూనే ఉన్నాం.