ఏడు నెలల నౌకరి

నౌకరి నుంచి దిగిపోయి మూడు నెలలైనా ఈదమ్మకు తెల్లవారకముందే లేచే అలవాటు పోలేదు. సర్కారు దవాఖానలో ఇరవై నాలుగేళ్లు ఆయాగా చేసిన మనిషి. డాక్టరు వచ్చేసరికి నేల కడిగి, నీళ్లు మరగబెట్టి, గుడ్డలు ఉడికించి ఆరేయడం ఆమె పని. ఇప్పుడు జనగామలో కొడుకు అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో కడగడానికి అంత నేల లేదు. అయినా వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, జొన్న గటకకు ఎసరు పెట్టేది.

ఆ పొద్దున కోడలు యాకమ్మ పది నెలల పిల్లకు నూనె రాస్తోంది. కొడుకు రాజలింగు కచ్చేరికి పోవడానికి అంగీ తొడుక్కుంటున్నాడు. యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక కొత్తగా తీసుకున్న గుమాస్తాల్లో అతనొకడు. నౌకరి దిగినవాళ్లకు సర్కారు ఇచ్చే వజీఫా కాగితాలు చూసే కచ్చేరిలోనే అతని పని.

"అవ్వా, నీ వజీఫా హుకుం వచ్చింది" అన్నాడు, తలెత్తకుండా గుండీలు పెట్టుకుంటూ.

"ఎంత రాసిన్రు?"

"నెలకు నాలుగున్నర రూపాయలు."

ఈదమ్మ గరిటె పక్కన పెట్టింది. "తొమ్మిది వస్తదని నువ్వే అంటివి గద బిడ్డా."

"సగం కోసిన్రు. నీ నౌకరి నడుమల తెగిందట. తెగిన నౌకరికి పూర వజీఫా రాదు. కానూను గట్ల ఉంది."

"ఎక్కడ తెగింది? నేను ఒక్క దినమన్న ఇంట్ల కూసున్ననా?"

"లడాయిల రిజిస్టర్లు పోయినయ్. ఎవరిని అడుగుతం? మనొక్కరికే కాదు, శానమందికి గిట్లనే కోస్తున్నరు. వచ్చింది తీసుకో. నేను లేనా నీకు?"

హుకుం కాగితం గూట్లో పెట్టి అతను వెళ్లిపోయాడు. గిన్నెలో గటక అలాగే ఉంది. యాకమ్మ దాని మీద మూత పెట్టింది.

తెగిందన్న రోజులేవో ఈదమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. రెండేళ్ల కింద ఆమె కొత్తగూడ అడవుల వైపు ఒక చిన్న దవాఖానలో పనిచేసేది. అడవిలో నిజాం మీద తిరగబడ్డ సంఘం దళాలు, ఊళ్ల మీద రజాకార్లు, వాళ్ల వెంట పోలీసులు. ఒకరోజు డాక్టరు సామాను కట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు కంపౌండర్ సోమనర్సయ్య తాళపుచేతులు ఆమె చేతిలో పెట్టి, రెండు దినాల్లో వస్తానని పోయాడు. ఏడు నెలలు రాలేదు. జీతం లేదు, మందులు తెచ్చేవాళ్లు లేరు. హాజరు పట్టీలో రాసేవాళ్లు అసలే లేరు. ఈదమ్మ రోజూ తలుపు తీసింది. సైన్యం వచ్చి రజాకార్లు చెదిరిపోయాక, కొత్త డాక్టరుకు తాళపుచేతులు అప్పగించింది.

సోమనర్సయ్య ఇప్పుడు నౌకరి దిగి బచ్చన్నపేటలో సేద్యం చేసుకుంటున్నాడు. ఆయనొక్క మాట చెబితే చాలనుకుంది. మరునాడు తెల్లవారకముందే గూట్లోని హుకుం తీసుకుని, కోడలికి మాత్రం చెప్పి, అటు పోయే బండి ఎక్కింది.

ఆయన ఆమెను గుర్తుపట్టి మంచం వాల్చాడు. భార్యను పిలిచి మజ్జిగ ఇప్పించాడు. ఉర్దూలో ఉన్న హుకుం రెండుసార్లు చదివి, అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అక్కా, రిజిస్టర్లు పోయినయన్న మాట గీ కాయితంల లేదు."

"మరేమున్నది?"

"ఉద్యోగిని తన సొంత వాంగ్మూలంల ఒప్పుకున్నట్టు, ఏడు నెలలు సెలవు పెట్టకుండ పనికి గైర్హాజరయింది అని ఉన్నది. నువ్వు వేలిముద్ర వేసిన కాయితం నంబరు గూడ వేసిన్రు."

"నేను గట్ల ఎవరికి చెప్పలే సార్."

"వేలిముద్ర ఎవరు తీసుకున్నరు?"

పోయిన ఏడాది వజీఫా కోసమని కొడుకు ఇంటికి తెచ్చిన కాగితాలు, సిరా మెత్త ఈదమ్మ కళ్ల ముందుకొచ్చాయి. ఇక్కడ వేలు పెట్టు, ఇక్కడ పెట్టు అంటూ అతనే ఆమె బొటనవేలు పట్టుకుని నొక్కించాడు. అందులో ఏముందో ఆమె అడగలేదు. కన్నకొడుకును ఏం అడుగుతుంది?

హుకుం తిరిగి తీసుకుని మడిచింది. "మీకెంత వస్తది సార్ వజీఫా?"

"పూర వస్తది."

"గా ఏడు నెలలు మీరు లేకపోతిరి గద."

సోమనర్సయ్య నేల చూశాడు. "హన్మకొండల పానం బాగలేదని సర్టిఫికెట్ తీసి పంపిన. సెలవు కింద రాసుకున్నరు."

"తాళపుచేతులు నాకిచ్చి పోయినని ఒక్క ముక్క రాసిస్తరా?"

"రాస్తే నా సర్టిఫికెట్ దొంగదని తేలుతది. రెండేండ్లాయె చెరువుల నీళ్లు లేక. గీ వజీఫా మీదనే ఇల్లు నడుస్తున్నది అక్కా." ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. "నువ్వున్నవని నాకు తెలుసు. నా నోటితోని చెప్పలేను."

ఈదమ్మ మజ్జిగ ముట్టకుండా లేచింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. కచ్చేరికి సెలవు రోజు కాబట్టి రాజలింగు ఇంట్లోనే ఉన్నాడు. పిల్ల అతని పొట్ట మీద ఆడుతోంది. తల్లి చేతిలో కాగితం చూడగానే అతను పిల్లను దించి లేచి కూర్చున్నాడు.

"గా కాయితంల ఏం రాసినవ్ రాజలింగూ?"

అతను బొంకలేదు. "నువ్వు పనికి రాలేదని రాసిన."

"ఎందుకు?"

"ఉన్నవని రాస్తే ఎవరికి మందు వేసినవని అడుగుతరు. అప్పుడేం చెప్తవు? నువ్వు దళపోళ్ల తుపాకి దెబ్బలు కడిగినవు. గది నాకు ఎరికె, గా ఊరందరికి ఎరికె. దళాలను పట్టెటందుకు అడవుల ఇంక మిలట్రీ క్యాంపులున్నయ్. జఫర్‌గఢ్ దిక్కు ఒక ముసలామెను దళానికి అన్నం పెట్టిందని తీస్కపోయిన్రు. ఇంక ఇంటికి రాలే. నిన్ను గట్ల తీస్కపోతే నేను చూస్తుండాల్నా?"

"నన్ను తీస్కపోతరని రాసినవా, నీ నౌకరి పోతదని రాసినవా?"

రాజలింగు పిల్లను తిరిగి ఒళ్లోకి తీసుకున్నాడు. "రెంటికీ" అన్నాడు.

ఈదమ్మ గోడకు చేరగిలబడింది. ఆమె గొంతు పెరగలేదు. "గా ఏడు నెలల్ల ఇరవై రెండు కాన్పులు చేసిన. తండాల గోరీ అనే పిల్లకు బిడ్డ అడ్డం తిరిగితే రెండు దినాలు పక్కనే కూసున్న. జొరాలొచ్చి పిల్లలు పోతుంటే కషాయం కాసి పోసిన. తినడానికి లేకుంటే తండోళ్లే ఇంత సంకటి పెట్టిన్రు. పారిపోయినాయనకు పూర వజీఫా ఇచ్చిన్రు. ఉన్నదానికి సగం కోసిన్రు. గది పోనీ, సర్కారుకు కండ్లు లేవు అనుకుందును. నేను లేనని రాసింది నా కడుపున పుట్టినోడు."

"అత్తా, గాయననొక్కన్నే అనకు." యాకమ్మ వంట గది గడపలో నిలబడి ఉంది. "రాయమన్నది నేను. అప్పుడు నాకు ఏడో నెల. గీయనకు నౌకరి దొరికి నాలుగు నెలలన్న కాలే. రాత్రింబగళ్లు ఏడ్చి రాయించిన. తప్పు నాది."

ఈదమ్మ కోడలి వంక, కొడుకు వంక చూసింది. "నన్ను అడగకపోతిరి. అడిగితే సరే అందునో, వద్దందునో, నాకే తెల్వదు. కాని నా ఏలు పట్టుకుని నాతోనే వేయిస్తిరి."

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. పిల్ల ఏడిస్తే ఈదమ్మే ఎత్తుకుంది.

మరునాడు రాజలింగు వెళ్లిన గంటకు ఆమె ఉతికిన చీర కట్టుకుని కచ్చేరికి పోయింది. కాగితాలు చూసే అధికారి వేరే ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాడు. కుర్చీ చూపించాడు గాని ఆమె కూర్చోలేదు. నాలుగు బల్లల అవతల రాజలింగు కలం పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు.

"ఏడు నెలలు రాలేదని మీరే చెప్పారు కదమ్మా" అన్నాడు అధికారి ఫైలు తిరగేస్తూ. "మీ వేలిముద్ర కూడా ఉంది."

"నాకు సదువు రాదు సాబ్. చెప్పుడు తప్పు చెప్పిన. నేను గా ఏడు నెలలు పని మీదనే ఉన్న."

"ఆ అడవిలోనా? ఆ రోజుల్లో దవాఖానకు ఎవరు వచ్చేవారు?"

గదిలో కలాల చప్పుడు ఆగింది. కొడుకు దేనికి భయపడ్డాడో ఈదమ్మకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో గోడకు ఆనుకుని విన్నప్పుడు అది మాట మాత్రమే. ఇక్కడ ఎదురుగా దాన్ని రాసుకునే కలం ఉంది. కాన్పులే చేశానని చెప్పి ఊరుకోవచ్చు. కాని సగం నిజం చెప్పి పూర్తి వజీఫా అడగడానికి ఆమెకు మనసొప్పలేదు.

"కాన్పులు చేసిన. జొరాలకు మందిచ్చిన. దెబ్బలు తగిలినోళ్లొస్తే కడిగి కట్టిన. నువ్వెవరివని అడగలే సాబ్. ఒకపారి తొడల గుండు దిగిన పోలీసు జవానును బండిల వేసుకొచ్చిన్రు. ఆయనకూ కట్టిన. డాక్టరు సాబ్ నాకు నేర్పిన పని గదే."

అధికారి రాస్తున్న కలం ఆపాడు. అప్పుడు రాజలింగు లేచాడు.

"సార్, మా అవ్వ చెప్పుడు తప్పు చెప్పలే. ఆమె అసలు ఏం చెప్పలే. గా వాంగ్మూలం నేను రాసిన. చదివి వినిపించకుండ వేలిముద్ర వేయించిన."

"నువ్వేం మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు సార్."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత ఈదమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కాన్పులు, జ్వరాల సంగతి రాస్తాను. మూడోది నాకు వినపడలేదు. మీరు కూడా ఇక ఎక్కడా అనకండి. పైకి పంపుతాను గాని, వజీఫా పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. హాజరు పట్టీ లేని రోజులను నిబంధన ఒప్పుకోదు."

"ఉన్నోళ్లకు పట్టీ పెట్టేటోడు పారిపోయిండు సాబ్. అండ్ల నా తప్పేమున్నది?"

రాజలింగు సంగతి తరువాత చూస్తానని అధికారి ఫైలు మూశాడు.

సాయంత్రం దాకా ఆమె కచ్చేరి బయట అరుగు మీదే కూర్చుంది. కొడుకు బయటకు రాగానే లేచి అతని పక్కన నడిచింది. ఇద్దరూ స్టేషన్ దాటారు.

"భయమైంది అవ్వా" అన్నాడు రాజలింగు. "అప్పుడూ అయింది, ఇయ్యాలా అయింది."

"నాకు కాలేదనుకున్నవా? గా ఏడు నెలలు దినాం భయమే. పొద్దుగాల తాళం తీసేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి చూసేదాన్ని. లోపలికి పోయినంక పనిల పడి మరిచిపోయేదాన్ని."

అతను రోడ్డు పక్కన ఆగిపోయాడు. భుజం మీది కండువాతో మొహం కప్పుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. దారినపోయేవాళ్లు చూస్తున్నా ఈదమ్మ అతన్ని ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నౌకరి పోతదేమో" అన్నాడు.

"పోతే పోనీ అనను. పిల్లున్నది. కాని నువ్వు లేచి నిలబడ్డవు చూడు, అప్పటికాంచి నా గుండెల మంట జర తగ్గింది."

నౌకరి పోలేదు. జీతంలో కోత పెట్టి, భూపాలపల్లి అడవుల్లో కలప బండ్లు ఆపి లెక్కరాసే నాకాకు మార్చారు. యాకమ్మ సామాను కడుతూ, మీరు ఇక్కడే ఉంటారా అని అత్తను భయం భయంగా అడిగింది. ఈదమ్మ పిల్లను చంకనేసుకుని, "నేనెక్కడుంట? గా అడవిల పిల్లకు జొరమొస్తే చూసేటోళ్లెవరు?" అంది. యాకమ్మ మూట వదిలేసి ఆమె కాళ్లు పట్టుకుంది. ఈదమ్మ ఆమెను లేపి, ముడి వదులైన మూటను తానే గట్టిగా బిగించింది.

నాలుగు నెలల తరువాత, వానాకాలం చివర్లో, టపాలో రెండో హుకుం వచ్చింది. రాజలింగు ముందు తనలో తాను చదువుకున్నాడు. అతని మొహం చూసి యాకమ్మకు సంగతి తెలిసిపోయింది.

"నాలుగున్నరే" అన్నాడు. "పెంచలే అవ్వా."

ఈదమ్మ తలూపింది. ఆమె ఎదురుచూసింది అదే. అయినా నోరు చేదెక్కింది. ఇరవై నాలుగేళ్లు కడిగిన నేల, ఉడికించిన గుడ్డలు, అన్నీ సగమైపోయాయి. ఏ సర్కారు వచ్చినా ఆ సగం ఇక తిరిగి రాదు.

"గిప్పుడేమని రాసిన్రు? నేను లేననేనా?"

రాజలింగు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని మెల్లగా, మాట మాట విడదీసి చెప్పాడు. "మొదటి వాంగ్మూలం రద్దు చేసిన్రు. గైర్హాజరు అన్న మాట తీసేసిన్రు. సదరు ఏడు నెలలకు హాజరు రికార్డు దొరకలేదు, గందుకని లెక్కల తీసుకుంటలేము అని రాసిన్రు."

"అంటే?"

"నువ్వున్నవని లేదు. లేవనీ లేదు. కాయితం లేదంటున్నరు."

జనగామ ఇంట్లో గాని, బచ్చన్నపేటలో గాని, కచ్చేరిలో గాని రాని కన్నీళ్లు ఈదమ్మకు అప్పుడొచ్చాయి. కొంగుతో తుడుచుకుంటూ, "కాయితం లేదన్నరు" అంది. "నేను లేనని అన్లే."

రాజలింగు తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె వేలు పట్టుకుని, ఉర్దూ అక్షరాల మీద ఆ మాటలున్న చోట ఆనించాడు. ఈదమ్మ ఆ వరుసను చివరిదాకా తడిమి చూసింది.